చైనా మూలికల మందులను సైన్సు నిరూపించిందంటున్నారు, ఎంతవరకు నిజం? (నాన్న వార్ఫరిన్ వాడుతున్నారు)

తార్నాక_తులసి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా నాన్నకు 64 ఏళ్లు. గుండెలోని మైట్రల్ వాల్వు పాడైతే ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు వేశారు. అప్పట్నుంచి రోజూ రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మందు, రక్తం ఎంత పలచగా ఉందో చూడ్డానికి నెలనెలా ఐఎన్‌ఆర్ పరీక్ష. ఇప్పటిదాకా అంతా బాగానే ఉంది. మా పెదనాన్న కొడుక్కి బేగంబజార్‌లో హోల్‌సేల్ షాపు, సరుకు కోసం గ్వాంగ్‌జౌ వెళ్లొస్తుంటాడు. ఈసారి వస్తూ నాన్న కోసం డాన్‌షెన్ అనే మూలికతో చేసిన చిన్న గోలీలు రెండు డబ్బాలు తెచ్చాడు. గుండెకు చాలా మంచివట, అక్కడ పెద్దవాళ్లు మామూలుగా వాడేస్తారట. అన్న ప్రేమతోనే తెచ్చాడు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ డబ్బా మీద ఉన్నదంతా చైనా భాషే, మోతాదు కూడా అన్న నోటిమాటే.

నాన్నేమో "వేళ్లూ ఆకులే కదమ్మా, ఏం చేస్తాయి, ఇంగ్లీషు మందులకన్నా నయమే" అంటున్నారు. పైగా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. చైనా వాళ్లు తమ పాత వైద్యాన్ని మొత్తం ల్యాబుల్లో పెట్టి నిరూపించేశారని, నోబెల్ కూడా వచ్చిందని, అమెరికాలో ట్రయల్స్ జరిగాయని అందులో చెప్పారు. వెతికితే నోబెల్ సంగతి నిజమే అని తెలిసింది, దాంతో నాకు ఇంకా టెన్షన్ ఎక్కువైంది, ఎందుకంటే వద్దని నాన్నకు చెప్పడానికి నా దగ్గర కారణం లేకుండా పోయింది.

నిరూపించడం అంటే వాళ్లు అసలు ఏం చేశారు? ఒక మందుకి నోబెల్ వస్తే మిగతావన్నీ నిజమైపోయినట్టేనా? మనకూ ఆయుర్వేదం, యునానీ ఇంత ఉన్నాయి కదా, మనం ఎందుకు చేయలేదు? అన్నిటికన్నా ముందు, ఈ గోలీలు వార్ఫరిన్‌తో కలిపి ఇవ్వొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకుంట_డాక్టర్

తులసి గారూ, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు. ఇవ్వొద్దు. ఒక్క గోలీ కూడా వద్దు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, నెల తిరిగేదాకా ఆగకుండా వెంటనే ఐఎన్‌ఆర్ చేయించి మీ కార్డియాలజిస్టుకు డబ్బా చూపించండి.

మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు మామూలుగా ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతాం. అంతకన్నా తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతం. బాగా పెరిగితే కడుపులోనో మెదడులోనో రక్తస్రావం. ఆ మధ్యలో ఉన్న జాగా చాలా చిన్నది. డాన్‌షెన్ వేరు వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది, ప్లేట్‌లెట్ల మీద కూడా పని చేస్తుంది, రెండూ కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది. వార్ఫరిన్ మీద బాగా నిలకడగా ఉన్న మనుషులు డాన్‌షెన్ మొదలుపెట్టాక ఐఎన్‌ఆర్ అమాంతం పెరిగి ఆసుపత్రి పాలైన కేసులు 1990ల్లోనే హాంకాంగ్ డాక్టర్లు రాశారు. వాళ్లలో మీ నాన్నగారిలాగే వాల్వు ఆపరేషన్ అయినవాళ్లూ ఉన్నారు. చిగుళ్ల నుంచి రక్తం, మలం నల్లగా రావడం, కారణం లేకుండా ఒంటిమీద కమిలిన మచ్చలు, ఆగని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీకి వెళ్లండి.

"వేళ్లూ ఆకులే కదా" అన్నదానికి నాన్నగారికి వార్ఫరిన్ కథే చెప్పండి. 1920ల్లో కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ ల్యాబు వాళ్లు ఏళ్ల తరబడి ఆ గడ్డిని శోధించి, 1940కల్లా అందులోంచి డైకుమరాల్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. దాన్ని మార్చుకుంటూ పోయి తయారుచేసిందే వార్ఫరిన్. మొదట 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకు మందయింది. అంటే ఆయన రోజూ వేసుకుంటున్న "ఇంగ్లీషు మందు" కూడా గడ్డిలోంచి పుట్టిందే. గుండెకు మేలు చేసేంత శక్తి ఒక వేరుకి ఉందని ఒప్పుకుంటే, కీడు చేసే శక్తి కూడా దానికి ఉంటుందని ఒప్పుకోవాలి.

ఇది చైనా మూలికల గొడవ మాత్రమే కాదు. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు వెల్లుల్లి క్యాప్సూల్స్, జింకో అనే చెట్టు ఆకుల మాత్రలు లాంటివి కూడా డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. పాలకూర, తోటకూర మానేయక్కర్లేదు కానీ వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినాలి, వాటిలో విటమిన్ కె ఉంటుంది, అది వార్ఫరిన్‌కి ఎదురు పని చేస్తుంది. మెడికల్ షాపులో ఒళ్లు నొప్పులకని అడిగి తెచ్చుకునే మాత్రలు అసలే వద్దు.

మిగతా ప్రశ్నలకు జవాబులు నాకన్నా ల్యాబులో పనిచేసేవాళ్లు బాగా చెప్తారు.

జీడిమెట్ల_కెమిస్ట్

డాక్టర్ గారు అసలు విషయం చెప్పేశారు కాబట్టి నేను "నిరూపించారు" అన్న మాట గురించి రాస్తాను. నేను ఒక మందుల కంపెనీలో క్యూసీలో, అంటే సరుకు నాణ్యత పరీక్షించే చోట, పని చేస్తాను, ఈ విషయం మీద నాకు చాలా ఇష్టం, అందుకే పొడుగైపోతే క్షమించండి.

ఆ నోబెల్ 2015లో తు యూయూ గారికి వచ్చింది, మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కి. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలంలో, పాత మందుకి మలేరియా లొంగడం లేదని 1967 మే 23న చైనా సైన్యం ఒక రహస్య ప్రాజెక్టు పెట్టింది, ఆ తారీఖు మీదే దానికి 523 అని పేరు. 1969లో తు యూయూ అందులో చేరారు. ఆమె బృందం పాత గ్రంథాలు తిరగేసి, వైద్యుల్ని అడిగి రెండు వేలకు పైగా మందుల వివరాలు పోగుచేసి, వాటిలో 640 ఏరి, చివరికి సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద చూశారు. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే పని చేయలేదు. ఎందుకో అంతుబట్టక మళ్లీ పుస్తకాల్లోకి వెళ్లారు. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ రాసిన పుస్తకంలో పిడికెడు చింగ్‌హావ్‌ని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. మామూలుగా మూలికలన్నీ కాచి కషాయం తీస్తారు, ఆ వేడికి మందు పాడైపోతోందేమో అని ఆమెకు తట్టింది. అందుకని తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు, దాంట్లోంచి విషం ఎక్కువున్న ఆమ్ల భాగాన్ని తీసేశారు. 1971 అక్టోబర్ 4న 191 నంబరు సారం ఎలుకల్లో మలేరియాని నూటికి నూరు శాతం తగ్గించింది. మరుసటి ఏడాది ముందుగా తమ మీదే వేసుకుని చూసుకుని, తర్వాత హైనాన్‌లో 21 మంది రోగులకు ఇచ్చారు.

ఆ పుస్తకం ఆమెకు ఒక ఆనవాలు ఇచ్చింది, అంతే. ఏ భాగంలో మందు ఉంది (ఆకులో, కాడలో కాదు), ఎప్పుడు కోయాలి, ఎంత ఇవ్వాలి, దాని అణువు ఆకారం ఏమిటి, పరాన్నజీవిని ఎలా చంపుతుంది, ఇవన్నీ ప్రయోగాలు చేసి తెలుసుకున్నవి. పాత వైద్యంలో చెప్పే యిన్, యాంగ్ (ఎదురెదురు శక్తులు), చీ (ప్రాణశక్తి) లాంటి సిద్ధాంతాలను ఇందులో ఎవరూ నిరూపించలేదు, నోబెల్ కమిటీ కూడా తాము బహుమతి ఇస్తున్నది సంప్రదాయ వైద్యానికి కాదని అప్పుడే స్పష్టం చేసింది. కాబట్టి ఆ వీడియో చేసినవాళ్లు ఒక అణువుకి వచ్చిన బహుమతిని తీసుకెళ్లి గోలీల డబ్బాకి తగిలించారు.

మన ఊరికీ ఈ కథకీ సంబంధం ఉందండోయ్. మలేరియా పరాన్నజీవి అనాఫిలిస్ దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. దోమ సంగతి ఇక్కడ తేలింది, మందు సంగతి బీజింగ్‌లో తేలింది. ఇప్పుడు మన దేశంలో ఫాల్సిపారం మలేరియాకు ఇచ్చేది ఆర్టెమిసినిన్ జాతి మందులే, వేరే మందుతో జత చేసి. అది చైనా మందు అని ఎవరూ అనుకోరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అదే మొక్క ఎండుటాకుల్లో ఆర్టెమిసినిన్ దాదాపు ఏమీ లేకపోవచ్చు, ఒక శాతం దాకా కూడా ఉండొచ్చు, రకాన్ని బట్టి, నేలని బట్టి, కోసిన కాలాన్ని బట్టి. అందుకే ఆ ఆకు టీ మలేరియాకు తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సరిపోని మోతాదు పడితే రోగం తగ్గదు, పైగా పరాన్నజీవి మందుకి అలవాటు పడుతుంది. మేము ల్యాబులో మూలికల సరుకు వచ్చినప్పుడు హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లో పెట్టి, అది లోపలి పదార్థాలను విడదీసి చూపించే గ్రాఫు చూస్తాం, వేలిముద్ర లాగా ప్రతి మూలికకీ ఒక వరస ఉంటుంది, ఈ బ్యాచ్‌కీ పోయిన బ్యాచ్‌కీ అది కలవాలి. చైనా వాళ్లు మూలికల ఇంజెక్షన్లకు ఈ పద్ధతిని 2000 నుంచి తప్పనిసరి చేస్తూ వచ్చారు. చాలామందికి ఇది బోరుగా అనిపిస్తుంది కానీ పాత వైద్యాన్ని ఆధునికం చేయడంలో నా దృష్టిలో సగం పని ఇదే. డబ్బాలో ఏముందో తెలియకుండా అది పనిచేస్తుందో లేదో ట్రయల్ చేసి ఏం లాభం?

డబ్బాలో ఏముందో తెలియకపోతే ఏమవుతుందో మీ నాన్నగారికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో పీసీ-స్పెస్ అని ఎనిమిది మూలికల క్యాప్సూల్ అమ్మేవారు, ఎక్కువ భాగం చైనా మూలికలే, ప్రోస్టేట్ క్యాన్సర్‌కి బాగా పనిచేస్తోందని పెద్ద డాక్టర్లు కూడా ఆశపడ్డారు. పరీక్షిస్తే లోపల డీఈఎస్ అనే కృత్రిమ హార్మోను, ఇండోమెథాసిన్ అనే నొప్పి మాత్ర, వార్ఫరిన్ బయటపడ్డాయి. 2002లో మార్కెట్ నుంచి తీసేశారు. వార్ఫరిన్ వాడే మనిషి అలాంటిది వేసుకుంటే ఆయన డోసు ఎంతో ఆయనకే తెలియదు.

ఎర్రగడ్డ_వైద్య

నేను ఆయుర్వేదంలో పీజీ చేస్తున్నాను. తులసి గారూ, గోలీలు వద్దన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం, మీ నాన్నగారు నా దగ్గరికి వచ్చినా నేను అదే చెప్తాను. కానీ కెమిస్ట్ అన్న రాసింది చదివితే, పాత మందులోంచి ఒక్క అణువును బయటికి తీస్తేనే సైన్సు, మిగతాది చెత్త అన్నట్టు అర్థమవుతోంది. చైనాలో జరిగిన పని అంతవరకే ఆగలేదు, నాకు నచ్చేది దాని తర్వాతి భాగమే.

ఏపీఎల్ అని ఒక రకం రక్త క్యాన్సర్ ఉంది, ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసేది. 1970ల్లో హార్బిన్‌లో జాంగ్ తింగ్‌దోంగ్ అనే డాక్టరు, పల్లెల్లో వాడుతున్న ఒక నాటు మందుని తీసుకుని పరిశీలించారు. అందులో ఆర్సెనిక్, పాదరసం, కప్ప విషం ఉండేవి. ఒక్కోటి విడదీసి చూస్తే పనిచేస్తున్నది ఆర్సెనిక్ అని తేలింది. దాన్నే శుభ్రమైన ఇంజెక్షన్‌గా మార్చారు, 2000లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ కూడా అనుమతించింది. షాంఘైలో వాంగ్ జెన్‌యీ వాడిన ఆట్రా అనే విటమిన్ ఎ జాతి మందుతో కలిపి ఇస్తే ఈ రోజు ఈ జబ్బు నూటికి తొంభై మందికి పైగా నయమవుతోంది. ఇంతవరకు ఒక్క అణువు కథే, నిజమే.

కానీ అక్కడితో ఆగకుండా, అదే జబ్బుకి నాలుగు పదార్థాలు కలిపిన ఒక మాత్రను కూడా పరీక్షించారు. అందులో రియాల్గర్ అనే ఆర్సెనిక్ ఖనిజం, అంటే మన రసశాస్త్రంలో (ఖనిజాలు, లోహాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ) మనశ్శిల, నీలిమందు, మీ ఇంట్లో ఉన్న ఆ డాన్‌షెనే, ఇంకో వేరు. 2008లో చెన్ జూ బృందం ఒక పెద్ద పరిశోధన పత్రం రాసింది. ఎలుకల్లోనూ కణాల్లోనూ చూస్తే, క్యాన్సర్‌కి మూలమైన ప్రొటీన్‌ని ఆర్సెనిక్ విరగ్గొడుతోంది, నీలిమందులోని పదార్థమూ డాన్‌షెన్‌లోని పదార్థమూ ఆ ఆర్సెనిక్ కణంలోకి ఎక్కువగా వెళ్లేలా చేస్తున్నాయి. తర్వాత రోగుల మీద జరిగిన ట్రయల్‌లో, 2013లో ప్రచురించారు, ఈ మాత్ర ఇంజెక్షన్‌కి ఏమాత్రం తీసిపోలేదని తేలింది. రోజూ ఆసుపత్రికి వచ్చి సెలైన్‌లో ఎక్కించుకునే బదులు ఇంట్లో మాత్ర వేసుకోవచ్చు, పేదవాడికి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. యోగాన్ని (అంటే పదార్థాలు కలిపి చేసే మందుని) యోగంగానే ఉంచి, ఒక్కో ద్రవ్యం ఏం చేస్తోందో చూపించారు. (ఇది చదివి ఎవరూ ఆర్సెనిక్ మంచిదనుకోవద్దు, ఆ మందులు ఈసీజీ, రక్తపరీక్షలు చూసుకుంటూ పెద్ద ఆసుపత్రుల్లోనే ఇస్తారు.)

ఇంకా దగ్గరిది, 2023లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది. తోంగ్‌షిన్‌లువో అనే మందు, జిన్‌సెంగ్‌తో పాటు జలగ, తేలు, జెర్రి లాంటివి ఎండబెట్టి చేస్తారు. గుండెపోటు వచ్చిన 3,777 మందికి మామూలు చికిత్సతో పాటు సగం మందికి ఇది, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టర్లకూ తెలియదు. 30 రోజుల్లో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి మందు వేసుకున్నవాళ్లలో 3.4 శాతం, మిగతావాళ్లలో 5.2 శాతం. వేరే దేశంలో మళ్లీ చేసి చూసేదాకా నేను దీన్ని ఖాయం అనను, ఎలా పనిచేస్తోందో కూడా ఇంకా సరిగా తేలలేదు. అయినా ఇలాంటి ప్రశ్నను ఇలా అడిగే ధైర్యం చేశారు చూడండి, నాకు అది కావాలి, మన దగ్గర.

మనం ఎందుకు చేయలేదు అన్నారు. మొదట్లో మనమే ముందున్నాం. సర్పగంధి వేరు నుంచి సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో అజ్మలిన్ అనే పదార్థం తీశారు, ఢిల్లీ హకీం అజ్మల్ ఖాన్ గారి పేరే పెట్టారు. అదే ఏడాది గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు బీపీకి పనిచేస్తుందని రాశారు. బొంబాయి డాక్టరు రుస్తొం జాల్ వకీల్ రోగుల మీద చూసి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశాక ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో అందులో బీపీ తగ్గించే రిసర్పిన్‌ని వేరు చేసింది మాత్రం స్విట్జర్లాండ్ సీబా కంపెనీ. ఆ తర్వాత మనలో చాలామంది "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న దగ్గరే ఉండిపోయాం. మా వాళ్లతో ఈ మాట అంటే నొచ్చుకుంటారు, అయినా అంటాను. మన దేశంలో మందుల రూల్సులో 158-బి ప్రకారం ఒక యోగం ప్రామాణిక గ్రంథంలో ఉంటే లైసెన్సుకి ట్రయల్స్ అక్కర్లేదు. చైనా కూడా 2018లో వంద ప్రాచీన యోగాల జాబితా వేసి, పాత పద్ధతిలోనే చేస్తే ట్రయల్స్ లేకుండా అనుమతించే దారి పెట్టింది. అంటే ఒక చేత్తో జామాలో వేసే స్థాయి ట్రయల్, ఇంకో చేత్తో మినహాయింపు. మీ వీడియోలో మొదటిది మాత్రమే చూపిస్తారు.

గ్రంథంలో ఉంది కాబట్టి సురక్షితం అనుకోవడం ఎంత ప్రమాదమో బ్రసెల్స్‌లో చూశాం. 1990ల మొదట్లో అక్కడ ఒక క్లినిక్‌లో సన్నబడటానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లు వందమందికి పైగా కిడ్నీలు పాడైపోయాయి. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసింది, అది అరిస్టలోకియా జాతి. అందులోని అరిస్టలోకిక్ ఆసిడ్ కిడ్నీలను ఎండగట్టి, తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. డీఎన్‌ఏ మీద అది వదిలే గుర్తును ఇప్పుడు పరీక్షలో గుర్తుపట్టొచ్చు. వందల ఏళ్లు వాడినా వైద్యులకు ఇది ఎందుకు తెలియలేదంటే, జబ్బు బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి, అప్పటికి తాగిన కషాయం ఎవరికి గుర్తుంటుంది? ఎంత గొప్ప వైద్యుడైనా ఒక్కడి అనుభవానికి అది దొరకదు. ఈ జాతి మన దగ్గర లేదనుకోకండి, పల్లెల్లో పాముకాటుకని నూరి పోసే ఈశ్వరి వేరు ఇదే జాతి, ఇదే ఆసిడ్ దాంట్లోనూ ఉంది. మన గ్రంథాల్లోని ప్రతి మొక్కకీ ఈ పరీక్ష జరగాలి, అందులో నాకు సిగ్గుపడాల్సిందేమీ కనిపించదు.

జీడిమెట్ల_కెమిస్ట్

వైద్య గారూ, మిగతాది చెత్త అని నేననలేదు కానీ మీరు చెప్పిన నాలుగు పదార్థాల మాత్ర ఉదాహరణ చాలా మంచిది, ఒప్పుకుంటున్నాను. అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఒక్క అణువే కావాలని పట్టుబట్టడం లేదు, మూలిక సారానికి సారంగానే అనుమతి ఇచ్చే దారి ఉంది. గ్రీన్ టీ ఆకుల సారంతో చేసిన ఒక పైపూత మందుకి 2006లో ఆ దారిలోనే అనుమతి వచ్చింది. తులసి గారి వీడియోలో చెప్పిన డాన్‌షెన్ గోలీల ట్రయల్ కూడా ఆ దారిలోదే, ఫేజ్ 3 (అనుమతికి ముందు రోగుల మీద చేసే పెద్ద ట్రయల్) దాకా వెళ్లింది, అంతే. ట్రయల్ జరిగింది అంటే పాసయింది అని కాదు, వీడియోల్లో ఈ తేడా ఎప్పుడూ చెప్పరు.

తార్నాక_తులసి

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నాన్న ఇంకా మొదలుపెట్టలేదు, డబ్బాలు బీరువాలో పెట్టేశాను. గడ్డి తిన్న పశువుల కథ చెప్పాను, చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే ఇదీ మొక్కలోంచే, అదీ మొక్కలోంచే, రెండూ కలిపితే ఎట్ల" అని ఆయనే అన్నారు. అన్నకు కూడా ఫోన్ చేసి చెప్పాను, ముందు కొంచెం బాధపడ్డాడు, హాంకాంగ్ కేసుల సంగతి చెప్పాక తనే భయపడి, ఇంకెవరికైనా ఇచ్చానేమో చూసుకుంటానన్నాడు.

ఇంకో రెండు అడగొచ్చా. నాన్నకు మోకాళ్ల నొప్పులు, నొప్పి మాత్రలు వద్దన్నారు కదా, మరి ఆక్యుపంక్చర్ చేయించొచ్చా? అది కడుపులోకి వెళ్లేది కాదు కదా. రెండోది, ఈ డబ్బాలను ఎక్కడైనా ఇచ్చి పరీక్ష చేయించొచ్చా?

నల్లకుంట_డాక్టర్

సూదుల గురించి తెలిసింది చెప్తాను. జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1,162 మందితో పెద్ద ట్రయల్ చేసి 2007లో ప్రచురించారు. కొందరికి శాస్త్రం ప్రకారం సరైన చోట్ల సూదులు గుచ్చారు, కొందరికి ఆ చోట్లు కాని చోట పైపైన గుచ్చారు, ఇంకొందరికి మందులు, ఫిజియోథెరపీ. బాగా తగ్గిందన్నవాళ్లు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2, మూడో గుంపులో 27.4. అంటే సూదులు గుచ్చించుకున్నవాళ్లకు ఉపశమనం దొరికింది, కానీ ఎక్కడ గుచ్చారన్నదానికి పెద్ద తేడా రాలేదు. మనిషిని పడుకోబెట్టి, శ్రద్ధగా చూసి, ఏదో చేస్తున్నారన్న నమ్మకం నొప్పి మీద బాగా పనిచేస్తుంది. అది అబద్ధపు ఉపశమనమేమీ కాదు, కాకపోతే శరీరంలో చీ ప్రవహించే నాళాలున్నాయనడానికి అది రుజువూ కాదు.

మీ నాన్నగారికి మాత్రం నేను వద్దంటాను. రక్తం పలచబడే మందు మీద ఉన్నారు కాబట్టి లోతుగా గుచ్చితే లోపల రక్తస్రావమై గడ్డలా పేరుకోవచ్చు. అంతకన్నా నాకు భయం మెటల్ వాల్వు గురించి. సూది వల్ల రక్తంలోకి బ్యాక్టీరియా వెళ్తే అది వాల్వు మీద పేరుకునే ప్రమాదం ఉంది, చర్మంలో రోజుల తరబడి ఉంచే సూదుల వల్ల అలా జరిగిన కేసులు ఉన్నాయి. మోకాళ్లకు తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చేయించండి, నెలరోజులు ఓపిక పట్టాలి, బరువు ఎక్కువుంటే కొంచెం తగ్గితే ఇంకా నయం. నొప్పి భరించలేనప్పుడు పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ రోజూ ఎక్కువ మోతాదులో వాడితే అది కూడా ఐఎన్‌ఆర్ పెంచుతుంది, అందుకని వాడుతున్నట్టు మీ డాక్టరుకు చెప్పి వాడండి.

జీడిమెట్ల_కెమిస్ట్

డబ్బాల సంగతి. ప్రైవేటు ల్యాబుల్లో చేస్తారు కానీ డబ్బు దండగ. సీసం, పాదరసం లాంటివి సులువుగా చూడొచ్చు, కానీ తెలియని గోలీలో తెలియని మందు ఏం కలిపారో వెతకాలంటే ఏది వెతుకుతున్నామో ముందు తెలియాలి. అన్నీ మంచిగా ఉన్నాయని రిపోర్టు వచ్చినా, మీ నాన్నగారికి అపాయం లేబుల్ మీద రాసి ఉన్న డాన్‌షెన్ వల్లే కదా. బయట పారేయకండి, ఎవరైనా ఏరుకుని వాడతారు. గోలీలు నలిపి తడి చెత్తలో కలిపేసి, డబ్బాలు చింపేయండి. అంతకుముందు ఒక పని చేయండి, డబ్బా నాలుగు వైపులా ఫొటోలు తీసి నాన్నగారి ఫైల్లో పెట్టండి, కార్డియాలజిస్టుకు చూపించడానికి పనికొస్తుంది.

మీ అన్న ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే, వాళ్లలో ఎవరికైనా తేడా చేస్తే, దాన్ని అలా వదిలేయొద్దని చెప్పండి. మందుల వల్ల జరిగే హాని నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఉంది, మూలికల మందులకు కూడా వర్తిస్తుంది, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టరే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు.

తార్నాక_తులసి

నంబరు రాసుకున్నాను. అన్న ఇప్పుడే ఫోన్ చేశాడు, పక్క షాపు ఆయనకు ఒక డబ్బా ఇచ్చాడట, ఆయనకు స్టెంటు వేసి రక్తం పలచబడే మాత్రలు ఇచ్చారట. ఈ రాత్రికే వెళ్లి వెనక్కి తెస్తానన్నాడు. ఈ లింకు ఆయనకు కూడా పంపిస్తున్నాను.